పీడ కాదు, ఒత్తుడు

హైదరాబాదు,
12 ఆగస్టు 1963

అక్కకు రాజం నమస్కారాలు.

నిన్న చిట్యాల బస్సులో డ్రైవరు పక్కన ఒక చెక్కపెట్టె పెట్టించాను. అందులో గాజు గొట్టాలు, గరాటు, సైకిలు ట్యూబు ముక్కలు, మూత బిగుతుగా పట్టే గ్యాసునూనె డబ్బ ఒకటి ఉన్నాయి. డబ్బను నేనే మూడుసార్లు కడిగాను. వాసన ఇంకా వస్తే నన్ను తిట్టుకో.

సంగతేమిటంటే, మా ఎం.ఇ. క్లాసులో ఆరుగురం ఉన్నాం. మా ప్రొఫెసరు గారు పోయిన నెల మమ్మల్ని నిలబెట్టి, "మీరు ఇక్కడ ఇంజన్లు విప్పి బిగిస్తున్నారు, పల్లె బడుల్లో పిల్లలు ఒక్క వస్తువూ ముట్టుకోకుండా సైన్సు బట్టీపట్టి పాసవుతున్నారు. ఇద్దరిలో ఎవరికి సిగ్గుండాలి?" అన్నారు. అందుకని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తలా ఒక టీచరును ఎంచుకొని, వర్కుషాపులో పాత సామాను తోటి పరికరాలు చేసి, పాఠం రాసి పంపాలి. ఏడాదంతా వెంట నడవాలి. నా మిత్రుడు సిద్దయ్య షాద్‌నగర్ దిక్కు బడి తీసుకున్నాడు. నేను నిన్ను అడగకుండానే నీ పేరు రాసిచ్చాను.

మొదటి పాఠం గాలి పీడనం. ఎట్లా చేయాలో కాగితం పెట్టెలో ఉంది. ఒక్క మాట గుర్తుంచుకో. నువ్వు సైన్సు ఉర్దూలో చదివావు కాబట్టి నీ నోటికి 'దబావ్' అనే వస్తుంది. ఇప్పటి పుస్తకంలో అది 'పీడనం'. అదే చెప్పు, బోర్డు మీద పెద్దగా రాయి, పిల్లలతో గట్టిగా పలికించు. ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్షలో ఆ మాటే అడుగుతారు. పాఠం అర్థమై మాట రాకపోతే మార్కు రాదు.

నీ తమ్ముడు
వెంకటరాజం


రాళ్ళగూడెం, వయా చిట్యాల,
20 ఆగస్టు 1963

చిరంజీవి రాజానికి అక్క ఉప్పలమ్మ దీవెనలు.

పెట్టె చేరింది. భువనగిరిలో బాపు ఆసు పోస్తుంటే దారాలన్నీ చిక్కుచేసి గోడ దూకిన పిల్లగాడివి, ఇప్పుడు నా చిక్కులు తీస్తానంటున్నావు. మంచిదే. కాలం ఊరకే పోదు.

నిజం చెప్పాలంటే ఈ పుస్తకం మాటలతో నాకు రోజూ కుస్తీయే. నల్లగొండలో నేను చదివినప్పుడు లెక్క, సైన్సు, భూగోళం అన్నీ ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడుకున్నాం, బతుకమ్మకు పాడుకున్నాం. ఇప్పుడు తెలుగులో సైన్సు చెప్పమనేసరికి నా తెలుగే నాకు చుట్టంలా వచ్చి కూర్చుంది. దానికి మర్యాదలు చేయలేక చస్తున్నాను. నువ్వు రాసినట్టే 'పీడనం' అనే చెబుతాలే.

నాకు ఈ ఏడాది ఒకటే పట్టుదల, అది నీకూ తెలియాలి. గొర్లు కాసే కురుమ బీరన్న బిడ్డ సైదమ్మ ఏడో తరగతిలో ఉంది. వాళ్ళ వాడ నుంచి ఇంతదూరం వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే. ఏడు పాసయితే నల్లగొండలో ఆడపిల్లల హాస్టలులో చేర్చవచ్చు. బీరన్నను అడిగితే, "ఏడు దాక సదివిస్త పంతులమ్మా. ఆపైన జీవాల ఎంబడి ఎవలు పోవాలె?" అన్నాడు. నాకు పలక కొనిచ్చినప్పుడు బాపును మన సాలెవాడంతా ఇదే అడిగింది, మగ్గం కాడ కండెలు ఎవలు చుట్టాలె అని. బాపు నన్ను తీసుకుపోయి బడిలో కూర్చోబెట్టాడు. సైదమ్మను ఎనిమిదిలో కూర్చోబెట్టేదాకా నేనూ ఊరుకోను.

ఉప్పలమ్మ


రాళ్ళగూడెం,
2 సెప్టెంబరు 1963

రాజం,

నలిగింది! నీ డబ్బ నలిగింది!

బడి ముందర మూడు రాళ్ళ పొయ్యి పెట్టాం. డబ్బలో కొన్ని నీళ్ళు పోసి మరగబెడితే ఆవిరి బుసబుసా వచ్చింది. దించి, మూత బిగించి, సైదమ్మతో పైన చన్నీళ్ళు పోయించాను. కాసేపు ఏమీ కాలేదు. వెనక మా హెడ్మాస్టరు గుర్వయ్య సారు "ఊఁ" అని ఒక దగ్గు దగ్గారు. ఆ దగ్గు పూర్తికాకముందే డబ్బ దభీమని లోపలికి పోయింది. సైదమ్మ చేతిలో చెంబు జారి కిందపడింది.

"ఎవ్వలు తన్నలేదు గద పంతులమ్మా, ఎట్ల నలిగె?" అంది ఆ పిల్ల.

నువ్వు రాసినట్టే చెప్పాను. లోపల గాలి ఉన్నంతసేపు లోపలి గాలి, బయటి గాలి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. ఆవిరి లోపలి గాలిని వెళ్ళగొట్టింది, చల్లబడి అది కూడా నీళ్ళయిపోయింది. లోపల ఖాళీ. అప్పుడు బయటి గాలిని ఆపేవాళ్ళు లేరు. బోర్డు మీద జానెడేసి అక్షరాలతో రాశాను, 'గాలి పీడనం' అని. పిల్లలు గొంతు చించుకొని పలికారు, కురుమవాడ దాకా వినిపించి ఉంటుంది.

ఇన్నేళ్ళ నౌకరీలో ఇంత సంతోషంగా ఎప్పుడూ ఇంటికి రాలేదు.

ఉప్పలమ్మ


హైదరాబాదు,
8 అక్టోబరు 1963

అక్కా,

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. గుర్వయ్య సారు దగ్గు దగ్గరికి వచ్చేసరికి సిద్దయ్య మంచం మీద పడి నవ్వాడు. 'పాఠం విజయవంతం' అని రిపోర్టు రాసి ప్రొఫెసరు గారికి ఇచ్చేశాను. ఆరుగురిలో నాదే మొదటిది.

కానీ నెల దాటింది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండో పాఠం, మీటదండం మీద, పంపి ఇరవై రోజులయింది. అందిందా? నీ ఒంట్లో బాగుందా? ఒక కార్డు ముక్కయినా రాయి.

రాజం


రాళ్ళగూడెం,
15 అక్టోబరు 1963

రాజం,

ఒంట్లో బాగానే ఉంది. దీన్ని నేనే చక్కబెట్టి, ఆ తరువాత నీకు నవ్వులాటగా రాద్దామనుకున్నాను. చక్కబడలేదు.

డబ్బ నలిగిన మూడోనాడు సైదమ్మకు చలిజ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే పలవరింతలో "గాలి పీడ, గాలి పీడ" అందట. పాపం పిల్ల పాఠం వల్లె వేసింది. చివరి అక్షరాలు జ్వరం మింగింది. తల్లి సుక్కమ్మ అది విన్నది. తెల్లారేసరికి ఊరంతా పాకింది. "బడిల గాలి పీడ ఉన్నదట. ఇనుప డబ్బనే నలిపె, ఆడిపిల్ల ఎంత?" అని.

నేను చిట్యాల దవాఖాన నుంచి గోలీలు తెచ్చి మింగించాను. వాళ్ళు ఒక ముసలాయనతో మంత్రించిన తాడు కట్టించారు. జ్వరం దిగింది, పేరు తాడుకు పోయింది. దానికి నాకు ఫికర్ లేదు, పిల్ల బతికింది. కానీ నలిగిన డబ్బకు పసుపు, కుంకుమ పూసి ఊరి బయట ముళ్ళకంపలో పారేశారు. ఆ మర్నాటి నుంచి బడిలో ఆడపిల్లల బల్ల ఖాళీ. "సైన్సు నోటితో చెప్పండమ్మా, చేతులతో వద్దు" అంటున్నారు గుర్వయ్య సారు.

అసలు బాధ ఇది కాదు. కార్తీకం దాటగానే బీరన్న మందను కృష్ణ దిక్కు తోలుకుపోతాడు, మహబూబ్‌నగర్ జిల్లా దాటి. తిరిగి వచ్చేది ఎండాకాలం చివర్లో. ఈసారి సైదమ్మను వెంట తీసుకుపోతానంటున్నాడు. పోయిందంటే పరీక్ష లేదు, హాస్టలు లేదు. ఆ పిల్ల మళ్ళీ బడి ముఖం చూడదు.

ఉప్పలమ్మ


హైదరాబాదు,
19 అక్టోబరు 1963

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. మనుషులు రాకెట్లలో భూమి చుట్టూ తిరుగుతున్న కాలంలో గ్యాసునూనె డబ్బకు పసుపు, కుంకుమా? వాళ్ళది మూర్ఖత్వమని వాళ్ళ ముఖం మీదే చెప్పు. పిల్లను బడికి పంపకపోతే తాసీల్దారుకు అర్జీ పెడతానని బీరన్నను భయపెట్టు. మెత్తగా మాట్లాడితే ఈ పని కాదు.

ఇక నా గతేమిటి? విజయవంతం అని రాసిచ్చాను. ప్రొఫెసరు గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. షాద్‌నగర్‌లో సిద్దయ్యకు ఇదే పాఠం ఏ గొడవా లేకుండా నడిచింది. నాకే ఎందుకు ఇట్లా అయిందో తెలియడం లేదు.

రాజం


రాళ్ళగూడెం,
27 అక్టోబరు 1963

రాజం,

రాకెట్లు తిరగనీ. నాకు కావలసింది కురుమవాడ నుంచి బడిదాకా ఒక పిల్ల నడిచి రావడం.

నిన్న బీరన్న ఇంటికి పోయాను. బీరన్న లేడు. సుక్కమ్మ వాకిట్లో ఉన్ని ఏకుతూ ఉంది. పిల్ల తలుపు వెనక నిలబడి నన్నే చూస్తోంది, ముందుకు రాలేదు.

"సుక్కమ్మా, బడిల పీడ లేదు. అది గాలికుండే బలం" అన్నాను.

"మరి పీడ అని మీరే రాస్తిరి గద పంతులమ్మా."

"పీడ అని రాయలే. పీడనం అని రాసిన."

"నం అంటే ఏంది?"

రాజం, ఆ 'నం'ను నేల మీద వేలితో రాసి చూసుకున్నాను. ఆమె ఉన్ని పక్కన పెట్టి నెమ్మదిగా అంది. "నాకు సదువు రాదు. నా బిడ్డకొచ్చు. బోర్డు మీద ఏమున్నదో అదే నాకొచ్చి చెప్పింది. సదువొచ్చిన పిల్ల అబద్ధం సదువుతదా?"

నాకు దుఃఖం వచ్చింది. మన చదువు మీద ఇంత నమ్మకం పెట్టుకున్న తల్లిని నువ్వు మూర్ఖురాలంటున్నావు! ఇంకోసారి తాసీల్దారు మాట ఎత్తావంటే చెవి మెలిపెడతాను, ఎం.ఇ. అయినా సరే.

నువ్వే ఆలోచించు. మనింట్లో పీడ అంటే ఏమిటి? అమ్మ దిష్టి తీసి నిప్పుల్లో మిరపకాయలు వేసి "పీడ పోయింది" అనేది. గాలి సోకిందంటే దయ్యం పట్టినట్టే గదా. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి జానెడేసి అక్షరాలతో రాసింది నేను, రాయమన్నది నువ్వు. వాళ్ళు తప్పు చదవలేదు. ఉన్నది ఉన్నట్టు చదివారు. సిద్దయ్య బడిలో గొడవ కాలేదంటే అక్కడ ఎవరూ ఇంటికి పోయి పాఠం చెప్పలేదేమో కనుక్కోమను.

నేను ఆ మాటనే తీసేస్తున్నాను. ఇకమీదట నా బడిలో పీడనం లేదు.

ఉప్పలమ్మ


హైదరాబాదు,
4 నవంబరు 1963

అక్కా,

చెవి అప్పగించాను, మెలిపెట్టు. అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ మాటను తీసేయకు. నా కోసం కాదు, సైదమ్మ కోసమే చెబుతున్నాను. పరీక్షలో 'పీడనం అనగానేమి?' అని వస్తే ఆ పిల్ల ఏం రాస్తుంది? కాగితం దిద్దేవాడికి నీ సుక్కమ్మ తెలియదు. ఆ మాట పిల్లకు రావాలి, తల్లి దానికి భయపడకూడదు. రెండూ కావాలి.

ప్రొఫెసరు గారికి జరిగిందంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. నా రిపోర్టు తీసి 'విజయవంతం' అన్న చోట ఎర్రగీత గీశారు. "గాలి నెట్టే పని ఆ ఊళ్ళో మీ డబ్బ రాకముందు కూడా జరుగుతూనే ఉండాలి కదా, వెతుకు" అన్నారు. ఎంత ఆలోచించినా తట్టలేదు. చివరికి మా మెస్సు కూర పుణ్యమా అని పొట్ట పట్టుకొని మెలికలు తిరుగుతుంటే తట్టింది.

ముంత! చిన్నప్పుడు నాకు కడుపునొప్పి వస్తే అమ్మ నా పొట్ట మీద పిండిముద్దలో వత్తి నిలబెట్టి, వెలిగించి, పైన ముంత బోర్లించేది గుర్తుందా? దీపం ఆరిపోగానే ముంత జలగలా పట్టుకునేది. గుంజినా వచ్చేది కాదు. అది అచ్చంగా మన డబ్బే అక్కా. వేడికి లోపలి గాలి కొంత బయటికి పోతుంది, చల్లబడగానే లోపల తగ్గుతుంది, బయటి గాలి ఒత్తుతుంది. తేడా ఏమిటంటే ముంతకు ఎవరూ భయపడరు. రాళ్ళగూడెంలో ముంత పెట్టేవాళ్ళు ఎవరో కనుక్కో. కార్తీకం అయిపోవస్తోంది, ఆలస్యం చేయకు.

రాజం


రాళ్ళగూడెం,
13 నవంబరు 1963

రాజం,

ముంత పెట్టేది ఎవరనుకున్నావు? సుక్కమ్మే! ఊళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆమెనే పిలుస్తారట.

పోయి, నాకు ముంత పెట్టమన్నాను. "కడుపు నొస్తాందా?" అంది. నొప్పి లేదు, పాఠం ఉంది అన్నాను. "నొప్పి లేంది ముంత పెట్టుమనేటోళ్ళను గిప్పుడే జూస్తున్న" అని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో. వాడలో ఆడవాళ్ళంతా చేరారు. మగవాళ్ళను దడి అవతలికి తరిమారు. మీ అక్క, సర్కారు టీచరు, నులకమంచం మీద వెల్లకిలా పడుకుంది. సుక్కమ్మ వత్తి వెలిగించి ముంత బోర్లించింది. పట్టింది చూడు పట్టు! ప్రాణం జిల్లుమంది.

"ఎవలు పట్టుకున్నరు సుక్కమ్మా? పీడనా?" అని అడిగాను.

"థూ! పీడనైతే నేనెందుకు పెడ్త? నాది సల్లని చెయ్యి."

"మరి ఎవలు?"

అప్పుడు తలుపు వెనక నుంచి సైదమ్మ బయటికి వచ్చింది. చిక్కిపోయింది పిల్ల, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "అమ్మా, దీపం ఎచ్చకు లోపటి గాలి ఎల్లిపోయింది. లోపట తక్కువైంది. బయటి గాలి ఒత్తుతాంది. డబ్బను గూడ గట్లనే ఒత్తింది" అంది.

సుక్కమ్మ ముంతను, బిడ్డను మార్చి మార్చి చూసింది. నేనేమో మంచం మీద ముంత మోస్తూ ఉన్నాను. తరువాత ఆమె ముంత అంచు దగ్గర నా పొట్టను వేలితో నొక్కింది. ఉస్సుమని గాలి దూరింది, ముంత ఊడి వచ్చింది. రోజూ చేసే పనే, అయినా ఆ ఉస్సు శబ్దాన్ని ఆమె కొత్తగా విన్నది. "అయితె గిది పీడ గాదు. ఒత్తుడు" అంది.

దడి అవతల నుంచి బీరన్న గొంతు వినిపించింది. "ఒత్తుడైతె ఒత్తుడనే రాయరాదు పంతులమ్మా? పీడనమెందుకు?"

నేను లేచి చీర సర్దుకొని దడి దగ్గరికి పోయాను. "పట్వారి కాగితంల నీ పేరేంది బీరన్నా?"

"వీరన్న అని రాసుకున్నరు."

"ఇంట్ల బీరన్న, కాగితంల వీరన్న. మనిషివి ఒక్కనివే గద? గిది గూడ గంతే. ఇంట్ల ఒత్తుడు, పరీక్షల పీడనం."

ఆయన బాగా ఆలోచించాడు. "మనిషి ఒక్కడే గని, కాగితం పేరుతోటి పిలిస్తె నేను పలుక" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు, "మందతోని నేనొక్కన్నే పోత. పిల్ల ఉంటది. పరీక్ష దాకనే సుమా."

పరీక్ష దాకా చాలు. ఆ తరువాతి సంగతి ఆ తరువాత చూసుకుంటాను. నా పొట్ట మీద ఎర్రటి చక్రం ఇంకా పోలేదు. ఆదివారం వచ్చిన మీ బావ అది చూసి నవ్విన నవ్వుకు ఆయనకు అన్నం పెట్టకుండా ఉండాల్సింది.

ఉప్పలమ్మ


హైదరాబాదు,
20 జనవరి 1964

అక్కా,

సిద్దయ్య పోయిన ఆదివారం షాద్‌నగర్ పోయి పిల్లలను విడివిడిగా అడిగాడు. అక్కడి పిల్లలూ 'గాలి పీడ' అనే అనుకున్నారట. కాకపోతే పంతులుకు చెబితే కొడతాడని నోరు మూసుకున్నారు. గొడవ కాకపోవడమంటే అదన్నమాట. మన సుక్కమ్మ నోరు విప్పి అడగబట్టి మనకు తెలిసింది.

ఆరుగురం కలిసి పాఠాలన్నీ మళ్ళీ రాస్తున్నాం. ప్రతి పుస్తకం మాట పక్కన ఇంటి మాట పెడుతున్నాం. ముంత పాఠం మొదటిది. దానికి మొదటి వాక్యం మాత్రం కుదరలేదు. నేను రాసింది ప్రొఫెసరు గారు రెండుసార్లు కొట్టేశారు. సైదమ్మను అడిగి రాయి, ఆమె అయితే ఎట్లా చెబుతుందో.

రాజం


రాళ్ళగూడెం,
14 జూన్ 1964

చిరంజీవి రాజానికి,

నీకు జనవరిలోనే జవాబు రాయవలసింది. సైదమ్మను అడిగితే "పరీక్షల రాసినంక చెప్త" అంది. మొండిది, నాకు తగ్గ శిష్యురాలు. పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. ఆమె రాసింది ఇది: 'పీడనం అనగా ఒత్తుడు. అది పీడ కాదు.' నీ పాఠానికి మొదటి వాక్యం అదే పెట్టు. దిద్దినవాడు దానికి మార్కు వేశాడో లేదో దేవుడికెరుక. పిల్ల మాత్రం పాసయింది! ఆడపిల్లల బల్ల నిండా మనుషులున్నారు.

బీరన్న కృష్ణ దిక్కు నుంచి నాలుగు రోజుల కింద వచ్చాడు. నిన్న హాస్టలు సంగతి మాట్లాడుదామని పోతే, ఆయన అన్న భిక్షం ముందే వచ్చి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను నోరు తెరవనీయలేదు. "ఆడిపిల్ల ఒక్కతె నల్లగొండల ఉంటె ఏ గాలన్న సోకుతది. ఏడు సదివింది, సాలదా?" అన్నాడు. బీరన్న తల వంచుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

సుక్కమ్మ ఇంట్లోకి పోయి ఒక వస్తువు తెచ్చి భిక్షం ముందర పెట్టింది. మన డబ్బ! ఊరు భయపడి పారేసినదాన్ని ముళ్ళకంపలో నుంచి ఎప్పుడు తెచ్చి దాచిందో నాకు తెలియదు. పసుపు మరకలు అట్లాగే ఉన్నాయి.

"గిది ఎందుకు నలిగిందో ఎరికేనా బావా? లోపట ఏం లేకుంటె నలిగింది. నా బిడ్డ ఒట్టి డబ్బ గాదు. ఏ గాలన్న రానీ, సూస్త" అంది.

భిక్షం డబ్బను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టాడు. బీరన్న లేచి గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. "బస్సు ఎన్నింటికి పంతులమ్మా?" అని అడిగాడు.

రేపు పొద్దున నలుగురం నల్లగొండ పోతున్నాం. సుక్కమ్మ కూడా వస్తానంది. హాస్టలు అర్జీ నేనే నింపాను. తండ్రి పేరు దగ్గర వీరన్న అని రాస్తూ, అక్కడ ఈ పేరుతోనే పిలుస్తారు బీరన్నా అన్నాను.

"పిలువనీ పంతులమ్మా, పలుకుత" అన్నాడు.

మీ అక్క
ఉప్పలమ్మ